కరాటే క్లాసు మానెయ్యాలా, ఉండాలా?

- ఒక పూర్వ విద్యార్థి

వార్షికోత్సవానికి హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా తమ్ముళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలి, స్కాలర్‌షిప్ ఎందుకు ఆలస్యమవుతోంది, గ్రూప్స్‌కి ఏ పుస్తకాలు చదవాలి. కిందటిసారి ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడొకడు మాత్రం నన్ను పక్కకు పిలిచి వేరే సంగతి అడిగాడు. "అన్నా, ఏడాది సంది కరాటేకు పోతున్న. ఏం వస్తలేదు. మానేద్దామంటే ఇన్ని పైసలు కట్టిన గదా అనిపిస్తది. మాస్టర్ ఏమంటడో అని భయమైతది. ఏం చెయ్యాలె?" అంతలో భోజనాల గంట కొట్టారు. పప్పు, వంకాయ కూర, ఆ రోజు ప్రత్యేకంగా స్వీటు. ఆ హడావుడిలో నేనేదో పైపైన చెప్పి తప్పించుకున్నాను. సంచికకు వ్యాసం రాయమన్నారు కాబట్టి ఆ తమ్ముడికి ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. అదే ప్రశ్న ఇరవయ్యేళ్ళ కింద నాకూ వచ్చింది. తేల్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

పాతబస్తీలో ఉన్న మనకు ఈ ప్రశ్న రావడం వింతేమీ కాదు. చార్మినార్ నుంచి శాలిబండ మీదుగా అలియాబాద్ దాకా నడుచుకుంటూ పోతే గోడల మీద ఎన్ని బోర్డులు కనబడతాయో మీకు తెలుసు. గాల్లోకి ఎగిరి తన్నుతున్న మనిషి బొమ్మ, కింద ఫోన్ నెంబరు. కరాటే, టైక్వాండో, కుంగ్‌ఫూ, కిక్ బాక్సింగ్, కొన్నిచోట్ల నాలుగూ ఒకే మాస్టర్ దగ్గర. ఫంక్షన్ హాలు డాబా మీద ఒకటి, బడి ఆవరణలో ఒకటి, ఖాళీ గోదాములో ఇంకొకటి. వీటన్నిటి కంటే ముందు నుంచీ ఈ బస్తీల్లో తాలీమ్‌లు, అంటే కుస్తీ నేర్పే వ్యాయామశాలలు ఉన్నాయి. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బారకాసుల వల్ల ఆ పేరు వచ్చిన బార్కస్ ఇప్పటికీ పహిల్వాన్లకు పేరున్న చోటు. కాబట్టి నేర్చుకోవాలనే కోరిక గాలిలోనే ఉంటుంది. దానికి సినిమాలు తోడు. మా కంటే ముందువాళ్ళకి సుమన్, భానుచందర్ ఉంటే, మాకు 1999లో "తమ్ముడు", 2003లో "అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి" వచ్చాయి. ఆ రెండో సినిమా చూసి హాస్టల్‌కి నడిచొచ్చిన రాత్రి మేం ఏడుగురం కరాటేలో చేరాలని నిర్ణయించుకున్నాం. తెల్లారేసరికి ముగ్గురం మిగిలాం.

మాది పాలమూరు. అమ్మానాన్నలు వలస పోయి బతికినవాళ్ళు. నెలకు నూటయాభై రూపాయల ఫీజు ఇంటి నుంచి అడిగే మాట లేదు. ఆదివారాలు, పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రులు ఫంక్షన్ హాళ్ళలో వడ్డనకు పోయేవాళ్ళం. రాత్రికి అరవై రూపాయలు, కడుపు నిండా బిర్యానీ. కరాటే డ్రెస్సుకి మూడువందల యాభై. అంటే ఆరు రాత్రుల వడ్డన. ఈ లెక్కలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మనలాంటి వాళ్ళకు ఈ నిర్ణయంలో డబ్బు చిన్న విషయం కాదు. "నచ్చకపోతే మానెయ్, ఇంకోచోట చేరు" అని చెప్పేవాళ్ళు వడ్డనకు పోయి ఫీజు కట్టినవాళ్ళు అయ్యుండరు.

మొదటి నాలుగు నెలలు స్వర్గంలో ఉన్నట్టుంది. వారానికి మూడు రోజులు సాయంత్రం డాబా మీద నలభై మంది. "ఇచి, ని, సాన్, షి" అని జపాన్ భాషలో అంకెలు అరుస్తూ గుద్దులు గుద్దుతుంటే కింద రోడ్డు మీద పోయేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. పసుపు బెల్టు, నారింజ బెల్టు, పదో నెలకి ఆకుపచ్చ బెల్టు. ఒక్కో టెస్టుకి రెండువందల యాభై. ఫెయిలైన వాడు నాకు ఒక్కడూ గుర్తులేడు.

పదకొండో నెలలో ఒక ఆదివారం హాస్టల్ వెనక ఖాళీ జాగాలో నా రూమ్మేట్‌తో సరదాగా తలపడ్డాను. అతను ఆరు నెలలుగా దగ్గర్లోని తాలీమ్‌కి పోతున్నాడు. నేను కాలెత్తేలోపే వచ్చి నడుము పట్టుకున్నాడు. ఆకాశం కనబడింది. లేచాను. మళ్ళీ ఆకాశం కనబడింది. మూడోసారి పడ్డాక చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడం కూడా మానేశారు. నాకు మూడు బెల్టులు, అతనికి ఒక లంగోటా.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించండి. ఆ రాత్రి నేను "మా స్కూలు పనికిరాదు" అనుకున్నాను. అది తొందరపాటు. కరాటే వేరు, కుస్తీ వేరు. ఒకటి దూరంగా నిలబడి కొట్టేది, ఇంకొకటి దగ్గరకు పోయి పట్టి పడేసేది. కొత్తగా కరాటే నేర్చినవాడు దగ్గరకొచ్చిన కుస్తీవాడి చేతిలో పడటం వల్ల మాస్టర్ చెడ్డవాడని రుజువు కాదు. అసలు రుజువు తర్వాత దొరికింది. బుధవారం క్లాసులో బ్రౌన్ బెల్టు సీనియర్‌ని అడిగాను, "అన్నా, నడుము పట్టుకుంటే ఏం చెయ్యాలె?" అని. "అది బ్రౌన్ బెల్టు సిలబస్" అన్నాడు. ఆయన బ్రౌన్ బెల్టే కదా, చూపించమన్నాను. చూపించలేదు. రెండు వారాల తర్వాత మాస్టర్ వచ్చినప్పుడు ఆయన్నే అడిగాను. "అది చాలా డేంజర్. బ్లాక్ బెల్టు వాళ్ళకే చెప్తం" అన్నారు. అడిగిన ప్రశ్నకు జవాబు ఎప్పుడూ పై తరగతిలోనే ఉంటుందంటే ఆ జవాబు అసలు ఉందా లేదా అని అనుమానించాల్సిందే.

అయినా వెంటనే మానలేదు. మానకపోవడమే మంచిదైంది, ఎందుకంటే అప్పటికి నా నిరాశలో ఎంత భాగం స్కూలుది, ఎంత భాగం నాది అన్నది నాకే తెలియదు. ఏ విద్యలోనైనా మొదటి నెలల్లో ఎదుగుదల కంటికి కనబడుతుంది. నిన్న వంగని కాలు ఇవాళ వంగుతుంది. ఆరేడు నెలలయ్యాక అదే కాలు ఇంకో రెండు అంగుళాలు లేవడానికి ఏడాది పడుతుంది. శరీరం అప్పుడు పెద్ద మార్పులు మానేసి చిన్న చిన్న సవరణలు చేసుకుంటూ ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే చాలామందికి "ఇక్కడ ఏం లేదు" అనిపిస్తుంది. మా బ్యాచ్‌లో ఒకడున్నాడు. రెండేళ్ళలో నాలుగు స్కూళ్ళు మారాడు. ప్రతిచోటా అయిదో నెలలో మాస్టర్ పనికిరానివాడు అయిపోయేవాడు. అయిదో నెల అంటే ఒళ్ళు నిజంగా నొప్పి పెట్టడం మొదలయ్యే నెల. నాలుగు రంగుల డ్రెస్సులు కొన్నాడు, నాలుగు చోట్లా పసుపు బెల్టే.

మరి తేడా ఎలా తెలుసుకోవడం? నేను చేసింది చెబుతాను, పెద్ద విద్యేమీ కాదు. ఎకనామిక్స్ నోట్‌బుక్కు చివరి పేజీలో ఒక నెల రోజులు లెక్క రాశాను. ఆ నెలలో క్లాసు రోజులు పదమూడు. మాస్టర్ వచ్చినవి నాలుగు. గంట క్లాసులో వార్మప్ ఇరవై అయిదు నిమిషాలు, ఆలస్యంగా మొదలవడానికి, ఫీజు బాకీలు అడగడానికి పది నిమిషాలు, మిగతాది కతా, అంటే ఒంటరిగా వరస ప్రకారం చేసే కదలికలు. నా పేరు పెట్టి పిలిచి నా తప్పు సరిచేసినవి రెండుసార్లు. ఎదురుగా ఒక మనిషిని పెట్టి, అతను నిజంగా ప్రతిఘటిస్తుండగా నేను ప్రయత్నించినది మొత్తం నెలలో ఒక్క రోజు, ఇరవై నిమిషాలు. ఆ పేజీ చూసుకున్నాక నాకు కోపం తగ్గిపోయింది. అంతకుముందు మనసులో ఉన్నది ఒట్టి గొడవ. ఇప్పుడు కాగితం మీద ఉంది.

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ ఇరవై నిమిషాల సంగతి. గాల్లో గుద్దడం ఎంత అందంగా వచ్చినా, ఎదుటివాడు కదులుతూ, తప్పుకుంటూ, తిరిగి కొడుతూ ఉంటే పని జరుగుతుందా లేదా అన్నది వేరే చదువు. ఈతను చాప మీద పడుకుని నేర్చుకోలేం కదా. కుస్తీ తాలీమ్‌లో ఈ మోసం జరగడం కష్టం. మొదటి వారం నుంచే నీ మీద ఒకడు పడతాడు, రెండు భుజాలూ మట్టికి ఆనితే చిత్, ఇక వాదన లేదు. జూడో, బాక్సింగ్‌లో కూడా ఎదుటివాడు ఉండక తప్పదు. కరాటేలోనూ మంచి స్కూళ్ళలో చేతులకు, నోటికి రక్షణ తొడిగి తగిన బరువు, తగిన అనుభవం ఉన్నవాళ్ళతో తలపడిస్తారు. కాబట్టి తప్పు కరాటేది కాదు. మా డాబా మీద అది జరగలేదు, అంతే.

ఇంకో పరీక్ష ఉంది. మీకంటే రెండేళ్ళ ముందు చేరినవాళ్ళను చూడండి. రెండేళ్ళ తర్వాత మీరు అలాగే ఉంటారు, అంతకంటే గొప్పగా ఉంటామనుకోవడం ఆశ. మా బ్రౌన్ బెల్టు అన్న మంచివాడే పాపం, వార్షికోత్సవాల్లో పెంకులు పగలగొట్టేవాడు. ఆ పెంకులను ముందురోజు ఎండలో పెట్టేది మేమే.

ఇక బెల్టు. చేతికొచ్చిన బెల్టు వదిలిపోవడం చాలా కష్టంగా ఉంటుంది. ఇంకో స్కూలుకి పోతే మళ్ళీ తెల్ల బెల్టు కట్టమంటారు. ఆకుపచ్చ బెల్టుతో హాస్టల్లో నడిచినవాడికి అది చావుతో సమానం. అందుకే ఈ బెల్టు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మంచిది. వేల ఏళ్ళ నాటిది అని మా మాస్టర్ చెప్పేవారు. నిజానికి డాన్ అనే స్థాయిలు, నల్ల బెల్టు అనే గుర్తు జపాన్‌లో 1880లలో జూడో స్థాపకుడు జిగోరో కానో మొదలుపెట్టినవి. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, విద్యార్థులు ఎంతవరకు వచ్చారో గుర్తించడానికి ఒక పద్ధతి కావాలనుకున్నాడు. ఒకినావా దీవి నుంచి కరాటేను 1922లో టోక్యోలో ప్రదర్శించిన గిచిన్ ఫునకోషి, జూడోను చూసి 1924లో తన శిష్యులకు మొదటిసారి డాన్‌లు ఇచ్చాడు. పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులు ఆ తర్వాత 1920లు, 30లలో యూరప్‌లో జూడో నేర్పేచోట వ్యాపించాయి. అంటే అప్పటిదాకా ఒకినావాలో గొప్పవాళ్ళయిన గురువులెవరికీ రంగు బెల్టులే లేవు. బెల్టు అన్నది ఆ స్కూలు ఆ స్కూలు విద్యార్థికి ఇచ్చే ప్రోగ్రెస్ కార్డు. స్కూలు మంచిదైతే కార్డుకు విలువ.

సర్టిఫికెట్ గురించి ఒక భ్రమ ఉంది, దాన్ని కూడా ఇక్కడే తీసేస్తాను. "బ్లాక్ బెల్టు సర్టిఫికెట్ ఉంటే కానిస్టేబుల్ ఉద్యోగంలో ఉపయోగపడుతుంది" అని మా కాలంలో ప్రతి క్లాసులో చెప్పేవారు, ఇప్పుడూ చెబుతున్నారని విన్నాను. స్కూలు ఇచ్చే గ్రేడింగ్ సర్టిఫికెట్ వేరు, గుర్తింపు పొందిన పోటీలో ఆడి గెలిచిన సర్టిఫికెట్ వేరు. క్రీడా కోటాకు రెండోదే కావాలి. ఆ రెండోదానికి కూడా పోటీ జరిపిన సంఘానికి ఆ ఏడాది గుర్తింపు ఉండాలి. మన దేశపు కరాటే సంఘంలో గొడవలు ముదిరి 2020లో ప్రపంచ కరాటే సమాఖ్య దాని గుర్తింపును వెనక్కి తీసుకుంది. ఒలింపిక్స్‌లో కూడా కరాటే 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో ఒక్కసారే ఉంది, 2024 పారిస్‌లో లేదు. టైక్వాండో 2000 నుంచి పతకాల క్రీడగా ఉంది, జూడో మొదటిసారి 1964లో చేరింది. వీటిలో ఏది నేర్చుకోవాలో నేను చెప్పడం లేదు. ఉద్యోగం కోసమే నేర్చుకుంటున్నవాళ్ళు జిల్లా యువజన, క్రీడల అధికారి ఆఫీసుకి పోయి ఏ సంఘం పోటీలు లెక్కలోకి వస్తాయో అడిగి, ఆ తర్వాత మాస్టర్ మాట నమ్మండి. ఆఫీసులో అడగడానికి పైసా ఖర్చు లేదు.

అన్నిటికంటే గట్టి సంకెల మాత్రం ఇప్పటికే కట్టిన డబ్బు. నేను లెక్క వేశాను. పదకొండు నెలల ఫీజు 1650, డ్రెస్సు 350, మూడు టెస్టులు 750. మొత్తం 2750 రూపాయలు. దాదాపు నలభై ఆరు రాత్రులు ప్లేట్లు మోసిన డబ్బు. అది తలుచుకుంటే మానబుద్ధి కాదు. కానీ నేను ఉన్నా, మానినా ఆ 2750 తిరిగి రాదు. అది పోయింది. నా చేతిలో ఉన్నది వచ్చే నెల నూటయాభై మాత్రమే. ఆ నూటయాభైకి, ఆ పదమూడు సాయంత్రాలకి ఏమొస్తుంది అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఇంత చిన్న విషయం నా తలకెక్కడానికి ఒక నెల పట్టింది. ఆ నెల ఫీజు కూడా కట్టాను.

గురుభక్తి అనే ఇంకో సంకెల ఉంది. స్కూలు మారితే గురుద్రోహి అంటారు. మాస్టర్ క్లాసులో అందరి ముందు, వెళ్ళిపోయిన వాళ్ళ పేర్లు చెప్పి ఎగతాళి చేసేవారు. గురువు అడిగితే బొటనవేలు కోసిచ్చిన ఏకలవ్యుడి కథ మన హాస్టల్ పిల్లలకు వేరే ఎవరో వివరించనక్కర్లేదు. ఆ కథ మనకెందుకు చెబుతారో కూడా మనకు తెలుసు. అయితే ఈ విద్యలను స్థాపించిన వాళ్ళే ఒక్క గురువును పట్టుకుని కూర్చోలేదు. కానోకి మొదటి గురువు 1879లో చనిపోతే రెండో ఆయన దగ్గరకు, ఆయనా పోతే మూడో ఆయన దగ్గరకు పోయాడు. మూడో ఆయనది అసలు వేరే పద్ధతి. ఆ మూడింటినీ కలుపుకునే 1882లో సొంత బడి పెట్టాడు. ఫునకోషికి అసాతో, ఇతోసు అని ఇద్దరు గురువులు. మన దగ్గర చూడండి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ సొంత ఊళ్ళో సంసముద్దీన్ గారి దగ్గర బాక్సింగ్ మొదలుపెట్టి, 2009లో విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో ఐ.వి. రావు గారి దగ్గర చేరింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. మన గురుకులాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండా. ఆమె కూడా భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్ దాకా పోయి నేర్చుకుంది. భువనగిరి గుట్ట తక్కువదని ఎవరూ అనలేదు.

ఆగకుండా ఆ రోజే మానెయ్యాల్సిన పరిస్థితులు కూడా ఉంటాయి. వాటికి నోట్‌బుక్కు లెక్కలు అవసరం లేదు. క్రమశిక్షణ పేరుతో కర్రతో, బెల్టుతో కొట్టడం. చిన్నవాణ్ణి పెద్దవాడితో రక్షణ లేకుండా తలపడించి దెబ్బలు తగిలితే నవ్వడం. దెబ్బ తగిలినప్పుడు డాక్టర్ దగ్గరకు పోనివ్వకపోవడం. క్లాసు అయ్యాక ఒంటరిగా ఉండమనడం, ఒంటి మీద చెయ్యి వెయ్యడం, "ఇంట్లో చెప్పకు" అనడం. ఈ చివరిది మగపిల్లలకు జరగదని అనుకోకండి, జరుగుతుంది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలందరికీ, ఆడా మగా తేడా లేకుండా, 2012 నాటి పోక్సో చట్టం రక్షణ ఉంది. వార్డెన్ సారుకి చెప్పండి, చెప్పడానికి సిగ్గనిపిస్తే 1098కి ఫోన్ చెయ్యండి. తప్పు చేసినవాడు సిగ్గుపడాలి, మీరు కాదు.

నా విషయం అంత దూరం పోలేదు. మా మాస్టర్ చెడ్డమనిషి కాదు, ఎవర్నీ కొట్టలేదు. పగలు ఎక్కడో ఉద్యోగం, సాయంత్రం మూడు చోట్ల క్లాసులు, ఏ క్లాసుకీ సరిగ్గా అందని మనిషి. అందుకే నిర్ణయం కష్టమైంది. కీడు చేసేవాణ్ణి వదలడం తేలిక. మంచివాడే గానీ నేర్పనివాణ్ణి వదలడానికి ధైర్యం చాలదు.

మానే ముందు రెండు పనులు చేశాను. ఒకటి, మాస్టర్‌ని నేరుగా అడిగాను, "సార్, వారానికి ఒక్కరోజు జతలుగా ప్రాక్టీసు పెట్టండి, మేమే గ్లవుజులకు చందా వేసుకుంటం" అని. మంచిదన్నారు. ఆరు వారాలు చూశాను. పెట్టలేదు. అడగకుండా మానేసి ఉంటే ఆయనకు ఒక అవకాశం ఇవ్వలేదన్న బాధ నాకు మిగిలిపోయేది. రెండోది, మానకముందే ఇంకోచోటు చూశాను. రూమ్మేట్‌తో కలిసి తెల్లవారుజామున తాలీమ్‌కి పోయి వారం రోజులు గట్టు మీద కూర్చున్నాను. రోజూ ముందు ఎర్రమట్టి గుంటను పారతో తవ్వుతారు. నూనె, పసుపు కలిపిన ఆ మట్టి వాసన వేరుగా ఉంటుంది. దండలు, బైఠకులు, తర్వాత జతలు. అరవై దాటిన ఉస్తాద్ బనియన్ మీద గుంట పక్కనే నిలబడి ప్రతి జతనూ చూస్తూ, "కమర్ నీచే, కమర్ నీచే" అని అరుస్తూనే ఉన్నాడు. ఒక్క గంటలో ఆయన సరిచేసినవి లెక్కపెట్టాను. ఇరవై వరకు లెక్కపెట్టి వదిలేశాను. అక్కడ నెల ఫీజు లేదు. పండక్కి ఎవరి శక్తికొద్దీ వాళ్ళు ఉస్తాద్‌కి ఏదో ఇచ్చుకుంటారు. చేరాలంటే మాత్రం మొదటి నెల మట్టి తవ్వాలి.

ఇదంతా చదివి మీ స్కూలు మీద వెంటనే తీర్పు ఇచ్చెయ్యకండి. మాతో చేరిన ముగ్గురిలో మూడోవాడు ఆ డాబా మీదే నాలుగేళ్ళు ఉన్నాడు. వాడికి నడుము పట్టుకుంటే ఏం చెయ్యాలో అక్కర్లేదు. ఆస్తమా ఉండేది. ఊపిరి బాగుపడాలి, నలుగురిలో గట్టిగా అరవగలగాలి. వాడికి ఆ రెండూ అక్కడ దొరికాయి. కతా వాడికి ప్రాణం. ఇప్పుడు గవర్నమెంటు టీచరు, పొద్దున్నే లేచి అదే కతా చేస్తాడు. ఒకే డాబా, ఒకే మాస్టర్, నాకు పనికిరానిది వాడికి సరిపోయింది. మీరు ఎందుకు చేరారో ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకుని, ఆ వాక్యం పక్కన మీ నెల లెక్క పెట్టి చూడండి. రెండూ కలిస్తే ఉండండి, మాస్టర్ ఎలాంటివాడైనా. కలవకపోతే ముందు అడగండి, తర్వాత వెదకండి, ఆ తర్వాత మానండి. ఇంటర్ పరీక్షలు దగ్గరపడతాయి కాబట్టి ఫిబ్రవరిలో మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఆ నెలలో అన్ని క్లాసులూ పనికిరానివిగానే కనబడతాయి.

మానేటప్పుడు చెప్పకుండా మాయమవకండి. బాకీ ఉంటే కట్టెయ్యండి. నాలుగు జతల జూనియర్లను వెంటేసుకుని పోకండి, ఎవడి లెక్క వాడు వేసుకోవాలి. హాస్టల్లో కూర్చుని ఆ మాస్టర్‌ని తిట్టకండి, ఆ మాట రెండు రోజుల్లో శాలిబండ చేరుతుంది.

నేను చివరి నెల ఫీజు తీసుకుని, ఉతికి మడతపెట్టిన డ్రెస్సుతో డాబా ఎక్కాను. ఏం చెప్పాలో దారంతా వల్లె వేసుకున్నాను. ఎదురుగా నిలబడగానే అంతా మరిచిపోయి "సార్, నేను రేపటి సంది రాను" అన్నాను. ఆయన నూటయాభై లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నారు.

"ఎక్కడ చేరుతున్నవ్?"

"తాలీమ్‌ల సార్."

ఏ తాలీమ్ అని అడిగారు. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. కింద రోడ్డు మీద ఆటోలు హారన్లు కొడుతున్నాయి. క్లాసు వాళ్ళు ఇచి, ని, సాన్ అంటున్నారు.

"ఉస్తాద్‌కు నా సలాం చెప్పు" అన్నారు. "నేను కూడ చిన్నప్పుడు రెండేండ్లు ఆడనే మట్టి తవ్విన."

డ్రెస్సు మాత్రం వెనక్కి తీసుకోలేదు. హాస్టల్లో జూనియర్ తమ్ముడొకడికి ఇస్తే చేతులు మడుచుకుని చలికాలమంతా వేసుకున్నాడు.